ఈతలగెడ్డ ఎత్వం

ఈతలగెడ్డ పొంగి గెడ్డవీధిలో నలభై ఇళ్ళ పొయ్యిలు ఒక్కపూటలో ఆరిపోయిన వరదకి ఇది నాలుగో ఏడు. చోడవరంలో ఆ వీధి వాళ్ళు ఏ సంగతి చెప్పినా ఆ వరద దగ్గర నుంచే లెక్క కడతారు. ఫలానా పిల్ల పెళ్ళి వరదకి ముందు, ఫలానా వాడు ఆటో కొన్నది వరద తర్వాత. ఈ సంగతి జరిగింది నాలుగో ఏడు జ్యేష్ఠంలో, ఇంకా చినుకు పడని రోజుల్లో.

ఆ వీధి చివరింట్లో ఉంటాడు పరదేశి. డెబ్బై దాటిన మనిషి. నలభై ఏళ్ళు బెల్లం వండాడు. పెనంలో పాకం ఎప్పుడు దించాలో చూపు మీదే పట్టేసేవాడు గానీ, నోటితో చెప్పేవాడు కాదు. చెయ్యి ఎత్తేవాడు, కూలీలు దించేసేవాళ్ళు. ఇంట్లోనూ అంతే. ఆయన వంతు మాటలు కూడా భార్య నూకరత్నమే మాట్లాడుతుందని వీధిలో వాళ్ళు నవ్వుకుంటారు. ఆవిడకి ఆ సంగతి తెలుసు. తెలిసి తగ్గించుకున్నదీ లేదు.

ఆ వారం ఎర్రమట్టి టిప్పర్లు ఐదు వచ్చి, ఎండిపోయిన గెడ్డలో మట్టి గుమ్మరించి పోయాయి. ఎందుకని అడిగితే డ్రైవర్లకి తెలీదు. ఆదివారం కళ్యాణమండపంలో మీటింగుంది, అక్కడ చెప్తారు అన్నారు.

వీధిలో వాళ్ళకి భయం పట్టుకుంది. గెడ్డ పైన ఉన్నవన్నీ చెరకు పొలాలు. గట్టి వాన పడిందంటే ఆ నీళ్ళన్నీ గెడ్డలోకే దిగాలి. వరదనాడు ఎనభై మంది ఆ వీధిలోనే ఉండే ఉమామహేష్ మేడ మీదకెక్కి ఒకరి భుజం మీద ఒకరు ఆనుకుని నిలబడ్డారు. అయినా మర్నాటికి నీళ్ళు తీశాయంటే, గెడ్డ తెరిచి ఉండబట్టి. దాన్ని పూడ్చేస్తే ఈసారి నీటికి మిగిలిన దారి వాళ్ళ వీధి ఒక్కటే.

అందుకని ఆదివారం పరదేశి ఉతికిన పంచె కట్టుకుని మీటింగుకి బయల్దేరాడు. వెళ్ళి మాట్లాడకుండా వచ్చేస్తాడని నూకరత్నం కూడా వెనకాలే నడిచింది.

పట్టణంలో పనులు చూడ్డానికని ఆ ఏడాదే ఒక అధికారిని వేశారు. పేరు నాగసాయి. కృష్ణ ఒడ్డు నుంచి వచ్చినవాడు, ముప్ఫై నిండాయో లేదో. పొద్దున్నే సైకిలు మీద వీధులు తిరుగుతాడు, ఎవరు ఫోన్ చేసినా ఎత్తుతాడు. ఊళ్ళో మంచిపేరే ఉంది. ఇన్నాళ్ళూ ఏం చేశాడో, వచ్చే ఏడాదికి ఏం చెయ్యబోతున్నాడో జనానికి చెప్తానని తనే ఈ సభ పెట్టించాడు. గుమ్మంలో అందరికీ తలో పుస్తకం ఇచ్చారు. రంగుల అట్ట మీద ‘పట్టణ ప్రగతి నివేదిక’ అని ఉంది.

తెర మీద బొమ్మలు వేసి నాగసాయి ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు. ఇన్ని వీధులకి సిమెంటు రోడ్లు. ఇన్ని స్తంభాలకి కొత్త లైట్లు. గోవాడ వైపు రోడ్డు వెడల్పు, చెరకు ట్రాక్టర్లు ఆగకుండా పోవడానికి. కె.కోటపాడు ఆటోలకి నీడ ఉన్న స్టాండు. జనం చప్పట్లు కొడుతున్నారు. అబద్ధాలేం కావు, చాలావరకు కళ్ళెదుట కనిపిస్తున్నవే. పరదేశి కూడా రెండుసార్లు కొట్టాడు. వాళ్ళ వీధి మొదట్లో లైటు నిజంగానే వెలుగుతోంది మరి.

ఆఖర్న తెర మీద ఒక పెద్ద కట్టడం బొమ్మ పడింది. రెండంతస్తులు, అద్దాలు, ముందు కార్లు. అరవై షాపులు, రెండు వందల మందికి పని. ఇది పూర్తయితే సరుకుల కోసం అనకాపల్లి పోనక్కర్లేదు, రావికమతం జనం కూడా ఇక్కడికే వస్తారు అన్నాడు నాగసాయి. స్థలం పట్టణంలోదే, కొనాల్సిన పని లేదు, మెరక పనులు మొదలయ్యాయి, రేపు పొద్దున్నుంచి రోజుకి నలభై లోడ్లు పడతాయి అన్నాడు. ఈసారి చప్పట్లు గట్టిగా పడ్డాయి. ముందు వరసలో గణపతిరావు లేచి నిలబడి మరీ కొట్టాడు. బజారులో ఎరువుల కొట్టు ఆయనది. ఆ షాపుల్లో రెండు తనకేనని ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు.

పరదేశి చప్పట్లు కొట్టలేదు. పుస్తకంలో ఆ బొమ్మ ఉన్న పేజీ తీశాడు. బొమ్మ కింద నల్లటి అక్షరాలు. వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాడు. ఈ. త. ల. గ. అక్కడ వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ చదివాడు. ‘ఈతలగడ్డ వాణిజ్య సముదాయం.’

ఆయన చదువు మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో గుణింతం దగ్గర తిన్న దెబ్బలు ఇన్నీ అన్నీ కావు. తలకట్టుకీ ఎత్వానికీ తేడా తెలీడం లేదని మేష్టారు పలక అంచుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడు. ఆ రెంటికీ తేడా ఆయన కణుపులకి అప్పుడే తెలిసిపోయింది.

నాగసాయి ఎవరికైనా సందేహాలుంటే అడగండి అన్నాడు. పరదేశి లేచాడు. ఆడవాళ్ళ వరసలో నూకరత్నం నోరు తెరిచి, ఆయన లేవడం చూసి మూసేసింది. మైకు పట్టుకుని ఒక అమ్మాయి పరుగున వచ్చింది. ఆయన అక్కర్లేదని చెయ్యి ఊపాడు. నాగసాయి పేరడిగాడు. పరదేశి అని చెప్పాడు. ఏ ఊరని అడిగితే, ఈ ఊరే అన్నాడు. హాలంతా నవ్వింది, నాగసాయి కూడా నవ్వాడు.

“బాబూ, అచ్చరం తప్పు పడింది” అన్నాడు పరదేశి.

“ఎక్కడండీ?”

“గడ్డ అని రాసేరు. గెడ్డ అనుండాల. తలకట్టు తీసీసి ఎత్వం ఎట్టండి.”

ఈసారి నవ్వు ఇంకా పెద్దదైంది. గణపతిరావు కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు.

“ఒరే పరదేశీ, మూడో తరగతి సదువెట్టుకుని ఆఫీసరుగోరికి గుణింతం సెప్తన్నావేట్రా?”

“గుణింతం సెప్పీది ఆ మూడు తరగతుల్లోనే కదా బాబూ” అన్నాడు పరదేశి.

వెనక బెంచీల మీద ఎవరో ఈల వేశారు. గణపతిరావు ముందుకి తిరిగిపోయాడు. నాగసాయికి ఇంకా నవ్వు మొహమే. కాగితం మీద రాసుకోబోతూ ఆగి, తలెత్తాడు.

“గెడ్డ అంటే ఏంటండీ?”

ఆ మాట తెలియని మనిషి ఉంటాడని అక్కడ ఎవరూ ఎన్నడూ అనుకోలేదు. ఎలా చెప్పాలో ఎవరికీ తోచలేదు. ఒకడు గెడ్డంటే గెడ్డేనండీ అన్నాడు. నూకరత్నం ఇక ఉండబట్టలేకపోయింది.

“నీల్లెల్లీ దారి బాబూ. పైనుంచి వాననీల్లు అందలోంచే పోతాయి.”

“వాగా?” అన్నాడు నాగసాయి.

“మీ వోల్లు ఏటంటారో మాకు తెల్దు. మాకది గెడ్డే.”

నాగసాయి నవ్వు పోయింది. బల్ల మీద ఫైలు తిరగేశాడు. ఒక పాత కాగితం బయటికి తీసి అందులో పేరు చదివాడు. అతని పక్కన ఉన్నవాళ్ళు ఏదో చెవిలో చెప్పబోతే వద్దన్నట్టు తల ఊపాడు. తర్వాత మైకు తీసుకున్నాడు. ఆ మాట మైకులో చెప్పనక్కర్లేదు. చెప్పాడు, అది అతని మంచితనం.

“పాత రికార్డులో గెడ్డ అనే ఉందండీ. రాసినవాళ్ళకి అక్షరాలు సరిగా రాక అలా రాశారనుకున్నాను. నేనే దిద్దాను.”

నాగసాయి వాళ్ళ వైపు గడ్డ అంటే మెరక భూమి. మెరక భూమి, పైగా పట్టణానిది. వేసవిలో వెళ్ళి చూస్తే పొడిగా ఉంది, కుర్రాళ్ళు బ్యాటూ బంతీ పెట్టి ఆడుకుంటున్నారు. అంచులు పల్లమైతే మట్టి పోసి సరిచెయ్యొచ్చనుకున్నాడు. ప్లాను గీసినవాళ్ళు విశాఖపట్నంలో కూర్చుని, అతను దిద్దిన పేరు చూసే గీశారు. ఇదంతా అతనే వివరంగా చెప్పాడు. చెప్పి, పరదేశికి చేతులు జోడించాడు. తప్పు చూపించినందుకు ధన్యవాదాలన్నాడు. వచ్చే అచ్చులో పేరు సరిచేయిస్తానన్నాడు. పై వాళ్ళకి కూడా రాస్తానన్నాడు. పని మాత్రం టెండరు అయిపోయింది, రేపటి లోడ్లు ఆపడం తన చేతిలో లేదు, కట్టడం కింద నుంచి పెద్ద గొట్టాలు వేయించే వీలేమైనా ఉంటే చూస్తాను అన్నాడు.

చాలామందికి అది న్యాయంగానే తోచింది. పేరు దిద్దుతానంటున్నాడు, దణ్ణం పెట్టాడు, ఇంకేం కావాలి? గణపతిరావు చప్పట్లు మొదలెట్టాడు. నలుగురు కలిశారు.

పరదేశి కూర్చోలేదు.

ఆయన కళ్ళ ముందు ఉమామహేష్ మేడ ఉంది. ఆ మేడ మీద నడుం ఒంచడానికి చోటు లేక నూకరత్నం నిలబడే కునికిన వేళ ఉంది. కింద నీళ్ళలో వీధి ఎటు పోయిందో తెలియక, కరెంటు స్తంభాలు చూసి ఇది ఫలానావారి గుమ్మం అని చెప్పుకోవడం ఉంది. అవన్నీ చెప్పాలంటే ఆయనకి పూట పడుతుంది. అంత మాట ఆయన దగ్గర లేదు.

“బాబూ” అన్నాడు. “అచ్చరం దిద్దితే సాలదు. మట్టి తియ్యాల.”

నాగసాయి ఓపిగ్గానే మళ్ళీ చెప్పబోయాడు. టెండరు, గొట్టాలు, పై వాళ్ళు.

“గొట్టాల్లోంచి గెడ్డ ఎల్లదు. గెడ్డంతా తెరిసున్నపుడే మేం మేడెక్కేం” అన్నాడు పరదేశి. “నువ్వు పుస్తకంలో తప్పు రాసేవు, దిద్దుకుంతానన్నావు. బాగుంది. నేల మీద రాసిన తప్పు ఎవులు దిద్దుతారు?”

నాగసాయి మైకు బల్ల మీద పెట్టేశాడు. పక్కనున్న వాళ్ళు తొందరగా మీటింగు అయిందన్నారు. సమోసాలు, కూల్‌డ్రింకులు ఆ మూల ఉన్నాయి, తీసుకు వెళ్ళండి అన్నారు. జనం అటు మళ్ళారు. పరదేశి పుస్తకం కుర్చీలో పెట్టేసి, నూకరత్నం చెప్పులు వెతుక్కునేదాకా గుమ్మం దగ్గర ఆగి, ఇంటికి నడిచాడు. దారిలో ఆవిడ నలుగురితో నాలుగు మాటలు మాట్లాడింది. ఇంటికొచ్చి అంత మాట ఎలా అనగలిగావయ్యా అని ఆయన్నే అడిగింది. ఆయన కంచం ముందు కూర్చున్నాడు. ఆవిడకి కోపం వచ్చింది గానీ, అన్నం మాత్రం రోజూ కన్నా గరిటెడు ఎక్కువే పెట్టింది.

తెల్లారి ఆయన గెడ్డ గట్టు దిగేసరికి సూర్యుడింకా పైకి రాలేదు. భుజాన పార ఉంది. ఐదు లోడ్ల మట్టి గెడ్డకి అడ్డంగా గుట్టలా పడి ఉంది. పంచె ఎగ్గట్టి, నీళ్ళు పోయే పల్లం ఎక్కడుందో పాదంతో తడిమి చూసుకుని, సరిగ్గా అక్కడ మొదలెట్టాడు. తవ్విన మట్టి తట్టలోకెత్తి గట్టు మీద పోసి వస్తున్నాడు. వెనక నూకరత్నం చోడి అంబలి చెంబుతో వచ్చి, చెంబు గట్టు మీద పెట్టి, రెండో తట్ట తను అందుకుంది.

ఏడింటికి మొదటి టిప్పరు వచ్చింది. డ్రైవరు బాబీ తల బయటికి పెట్టి, లోడు దింపాల, పక్కకి రమ్మని రెండుసార్లు హారన్ కొట్టాడు. పరదేశి పార ఆపలేదు. మూడోసారి కొట్టాక నడుం నిటారుగా చేసి, మొహం మీద చెమట తుడుచుకున్నాడు.

“దింపుకో. నువ్వు దింపినంతా నేను తీస్తాను.”

“రోజుకి నలభై లోడ్లు తాతా. ఎన్నాల్లు తీస్తావేటి?” అన్నాడు బాబీ.

వీధి వైపు నుంచి ఉమామహేష్, అతని వెనక ఇద్దరు ఆడవాళ్ళు పారలూ తట్టలూ పట్టుకుని వస్తున్నారు. బాబీ వాళ్ళని చూశాడు. లోడు దించకుండానే ఇంజను ఆపేసి, ఎవరికి చెప్పాలా అని ఫోన్ తీసి కాంట్రాక్టరుకి చేశాడు. అటువైపు ఎవరూ ఎత్తలేదు. పరదేశి కాళ్ళ దగ్గర మట్టి తీసిన దారి అప్పటికి జానెడు వెడల్పైంది. ఆయన మళ్ళీ నడుం వంచాడు.