ధర పడింది, అక్షరం పడలేదు

సంచి జిప్పు ఎప్పుడో పాడైంది. పిన్నీసులు పెట్టి మూయాలి. మా చెల్లెలు బుల్లి ఆ సంచిని మంచం మీద పెట్టుకుని రెండు జతల బట్టలు, ఉన్ని స్వెట్టరు, దువ్వెన, కత్తెర, కళ్ళజోడు పెట్టె ఒక్కొక్కటే లోపల సర్దుతోంది. అది సర్దినవాటిని నేను బయటికి తీసి మళ్ళీ మడతపెడుతున్నాను. ఆస్పత్రి లాండ్రీలో ఇరవై ఏళ్ళుగా దుప్పట్లు మడుస్తున్న చేతులు నావి. వంకర మడత కనబడితే ఊరుకోవు.

"అక్కా, నువ్విలా తీస్తూ పెడుతూ ఉంటే బస్సు కాస్తా పోతుంది."

"పోతే పోనీ."

"ఇవాళ్టిది పోతే రేపింకోటి వస్తుంది. ఆ మాత్రానికి నా స్వెట్టర్ని చంపకు."

అది వెళ్తున్నది నది అవతలికి, బస్సులో ఒక పగలంతా కూర్చుంటే వచ్చే ఊరికి. అక్కడొక ఇంట్లో మంచాన పడ్డ పెద్దావిడను చూసుకోవాలి. తిండీ పడకా అక్కడే. ఏడాదికోసారి పది రోజులు సెలవు ఇస్తామన్నారు. అమ్మ పోయిన దగ్గర్నుంచి మేమిద్దరం వేరు వేరు ఇళ్ళలో ఉన్నది లేదు. ఉండకుండా చూసుకోవడానికే అంతకు ముందు ఏడాదంతా మేం పడరాని పాట్లు పడ్డాం.

మేం అద్దెకున్నవి మేడ మీద రెండు గదులు. ముందు గదిలోంచి చూస్తే నది, వెనక గదిలోంచి చూస్తే పక్కింటి గోడ. కింద ఉండే ఇంటావిడ ఒకరోజు మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. మోకాళ్ళ నొప్పులతో ఎన్నడూ పైకి రాని మనిషి.

"ఇల్లు అమ్మేస్తున్నానమ్మా. వాటాలుగా అమ్ముతాను. బయటివాళ్ళ చెవిన వేసే ముందు మీతో చెప్తున్నా. ఒక ఏడాది ఆగుతాను, ఈ రెండు గదులూ మీరే తీసుకోండి. ఏడాది దాటితే మాత్రం నన్ను అనకండి."

మేమిద్దరం దాచుకున్న డబ్బు కలిపితే ఆవిడ అడిగినదానికి ముప్పావు వంతు వచ్చింది. పావు వంతుకు దారి లేదు. బయట అద్దెలు మా జీతాలకు అందవు. గదులు పోతే లాండ్రీ వాళ్ళకు ఆస్పత్రి వెనక షెడ్డులో ఇచ్చే మంచం ఒకటి నాకు దొరుకుతుంది. బుల్లి వార్డులో ఆయా. ఆయాలకు ఆ షెడ్డులో చోటు లేదు. అంటే నాకొక మంచం, దానికి ఎవరింట్లోనో కొలువు.

షేర్ల ఆలోచన బుల్లిదే. ఆస్పత్రి ఎదురుగా మందుల షాపు పక్కన చిన్న గదిలో షేర్లు కొనిపెట్టే ఏజెంటు ఒకాయన ఉండేవాడు. అందరికీ ఆయన షేర్ల బాబాయి. ఆయన దగ్గరికి ప్రతి శనివారం ఒక పత్రిక వచ్చేది. అందులో కంపెనీ పేరు, దాని ధర, దాని పక్కన ఒక అక్షరం వేసేవారు. 'ఏ' అంటే మేలు, 'బీ' అంటే ఫరవాలేదు, 'సీ' అంటే ఆలోచించుకో, 'డీ' అంటే దూరంగా ఉండు, 'ఈ' అంటే దండం పెట్టి వచ్చేయ్.

బుల్లికి ఆ పద్ధతి చూడగానే నచ్చడానికి కారణం ఉంది. అది పనిచేసే వార్డులో మంచాల కాళ్ళ దగ్గర అట్టముక్కల మీద ఇలాంటి అక్షరాలే వేలాడేవి. నిలకడగా ఉన్న రోగికి 'ఏ', పక్కన ఎవరో ఒకరు కూర్చుని తీరాల్సిన రోగికి 'ఈ'. పొద్దున్నే అక్షరాలు చూసుకుంటే చాలు, ఆ రోజు ఎవరి దగ్గర ఎంతసేపు ఉండాలో తెలిసిపోతుంది. ఆ అలవాటు అది ఇంటికి కూడా తెచ్చింది. పంపు నీళ్ళకు 'డీ'. ఇంటావిడకు 'సీ', అద్దె అడగని నెలల్లో 'బీ'.

"మరి నాకేమిచ్చావే?" అని ఒకసారి అడిగాను.

"మనిషికి 'ఏ'. గురకకు 'ఈ'. రెండూ కలిపి 'సీ' అనుకో."

షేర్ల బాబాయి ముక్కు మీదికి జారిన కళ్ళజోడు తోసుకుంటూ మాకు ఓపిగ్గానే చెప్పాడు. కంపెనీ లాభం ఎలా ఉంది, అప్పు ఎంతుంది, ధర ఎటు నడుస్తోంది, ఈ మూడూ చూసి, మూడూ కలిపి ఒక్క అక్షరం వేస్తారట.

"అంటే ఉప్పూ పులుపూ కారం విడివిడిగా చెప్పకుండా, వంట బాగుంది అనడమేగా?" అన్నాను నేను.

"అంతేనమ్మా. విడివిడిగా కావాలంటే లోపలి పేజీల్లో ఉంటాయి. ఎవరు చదువుతారు?"

"మా అక్క చదువుతుంది బాబాయ్. దుప్పట్ల అంచు మీద గుర్తులు చూసి చదువు నేర్చుకున్న మనిషి. కాగితం దొరికితే వదలదు. మందుల సీసా మీది చీటీలు కూడా చదివేస్తుంది."

"చదివితే మరీ మంచిది. ఇంతకీ దేంట్లో పెడతారు?"

పేజీ నిండా పేర్లు. మాకు తెలిసినవి మూడో నాలుగో. బుల్లి వేలు ఒక చోట ఆగింది. మా నది మీద పడవలు నడిపే కంపెనీ అది. చిన్నప్పుడు అమ్మ మమ్మల్ని ఎక్కించుకుని అవతలికి తీసుకెళ్ళిన తెల్ల పడవలు వాళ్ళవే. పేరు పక్కన 'ఏ'.

"ఇది మన ఎదురుగా ఉన్నదేగా అక్కా. కళ్ళ ముందుంటుంది, మోసం ఉండదు."

నాకు భయం వేసింది. నాకు దేనికైనా భయమే, అది తెలిసి బుల్లి ముందే ఒక కట్టుబాటు పెట్టింది. 'ఏ' ఉన్నంతకాలం కదిలించకూడదు. 'బీ' వస్తే కళ్ళు తెరుచుకుని ఉండాలి. 'సీ' వచ్చిందా, ఆ రోజే అమ్మేసి బయటపడాలి. వార్డులో కూడా అలాగే చేస్తారట. అక్షరం మారగానే డాక్టరు పరిగెత్తుకొస్తాడు. ఆ మాట విన్నాక నాకు ధైర్యం వచ్చింది. సంతకాలు పెట్టి వచ్చాం.

మొదటి రెండు నెలలూ ధర పెరిగింది. ఆ రోజుల్లో బుల్లి వెనక గది గోడకు ఏ రంగు వేయించాలో కూడా అనుకునేది. తర్వాత ధర ఆగింది. ఆ తర్వాత తగ్గడం మొదలుపెట్టింది.

ప్రతి శనివారం డ్యూటీ దిగగానే దారిలో షేర్ల బాబాయి గదికి వెళ్ళేవాళ్ళం. బుల్లి పత్రిక తీసి మడత విప్పేది. నేను పక్కకు తిరిగి నిలబడేదాన్ని.

"చెప్పు."

"'ఏ'నే."

"ధర?"

"కొంచెం తగ్గింది. అయినా 'ఏ'నే అక్కా."

మరుసటి శనివారం కూడా అంతే. ఆ పై శనివారం కూడా. ఒక వారం ధర మరీ కిందికి వచ్చి నేను గోల పెట్టాను. అమ్మేద్దాం, పోయింది పోనీ అన్నాను. బుల్లి కసురుకోలేదు. పత్రిక నా ముందు పెట్టి ఆ అక్షరం మీద వేలు ఉంచింది.

"జ్వరం వచ్చినంత మాత్రాన చచ్చిపోతామా? లోపల మనిషి గట్టిగా ఉంది, అందుకే 'ఏ' వేశారు. చూసేవాళ్ళకు మనకంటే తెలియదా?"

పత్రిక మడిచి బల్ల మీద పెట్టేశాను.

ఆ రోజుల్లో మేం మేడ మీద బట్టలు ఆరేసుకుంటుంటే నది మధ్యలో వంతెన స్తంభాలు కనిపించేవి. ముందు నీళ్ళలోంచి మొలిచినట్టు రెండు, తర్వాత నాలుగు. పగలల్లా మోత. తర్వాత స్తంభాల మీద పలకలు పరిచారు. ఒకసారి బుల్లి నోట్లో క్లిప్పులు పెట్టుకునే, "వంతెన అయితే అవతలి బజారుకు నడిచే వెళ్ళొచ్చు, పడవ టిక్కెట్టు మిగులుతుంది" అంది. నేను అవునన్నాను. ఇద్దరం చెరొక చివర పట్టుకుని దుప్పటి దులిపాం. పడవ టిక్కెట్టు మాకు మిగిలితే ఎవరికి తగ్గుతుందో ఆ పూట మాకు తట్టలేదు. మా షేర్లు పత్రికలో ఉన్నాయి, వంతెన నదిలో ఉంది. రెండూ ఒకేచోట ఉన్నాయని మేం అనుకోలేదు.

వంతెన తెరిచిన వారంలో ధర మేం కొన్నదాంట్లో మూడో వంతుకు దిగింది. శనివారం దాకా ఆగలేక మధ్యలోనే షేర్ల బాబాయి దగ్గరికి పరిగెత్తాం. ఆయన గదిలో ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద పోయిన వారం పత్రిక అలాగే ఉంది. మా కంపెనీ పక్కన 'ఏ'.

"ఇదేమిటి బాబాయ్? ఇంత పడిపోతే అక్షరం ఎందుకు పడలేదు? తప్పు అచ్చేశారా?" అంది బుల్లి.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తప్పు కాదమ్మా. అక్షరం ఒక్క కంపెనీని చూసి వేసేది కాదు. ఒకే వ్యాపారం చేసేవాళ్ళందర్నీ వరసలో నిలబెట్టి వేస్తారు. పడవల కంపెనీలు అయిదు. ఆ అయిదింట్లో మీది మొదటిది."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడు కూడా. మిగతా నాలుగూ మీదానికంటే ముందే మునిగాయి."

"ఇది మాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నాకు తెలిస్తే కదమ్మా. ముందుపేజీ అక్షరం చూసే నేనూ కొన్నాను." ఆయన సొరుగు లాగి తన షేర్ల కాగితాలు బల్ల మీద పెట్టాడు. మా వాటికంటే మందంగా ఉన్నాయి. "నిన్న మా ఆవిడ అడిగితే పత్రికవాళ్ళకు ఫోన్ చేశాను. అప్పుడు చెప్పారు."

లోపలి పేజీలు నేనూ ఎన్నడూ విప్పలేదు. ఆయన్ని తిట్టడానికి కూడా మాకు వీలు లేకుండా పోయింది. ఆ రోజే అమ్మేశాం. చేతికొచ్చిన డబ్బుతో గదులు కాదు కదా, గదుల తలుపులు కూడా రావు. ఇంటావిడ ఏడాది నిండిన తర్వాత ఇంకో నెల ఆగింది. ఆవిడను నేనేమీ అనను. ఆ నెల అయ్యాక ఎవరో దంపతులు వచ్చి కిటికీలు కొలుచుకుని వెళ్ళారు.

బుల్లి సంచిలో ఆఖరున చెప్పులు పెట్టింది. పిన్నీసు పెట్టబోయి ఆగి, మంచం అంచున కూర్చుంది.

"అక్కా, నాకు తెలిసి ఉండాల్సింది."

"ఏమిటే?"

"మా వార్డులో 'ఏ' అంటే ఇంటికి పోయే మనిషని కాదు. మా వార్డుకు వచ్చినవాళ్ళలో కాస్త నయం అని. మా వార్డుకు ఎలాంటివాళ్ళు వస్తారో నాకు తెలుసుగా. ఊపిరి అందనివాళ్ళే వస్తారు. పోయిన చలికాలంలో ఎనిమిదో నంబరు తాతకు 'ఏ' ఉండగానే మొహం మీదికి దుప్పటి కప్పాను. రోజూ ఆ అట్టముక్కలు తుడిచి తగిలించేది నేనే. అయినా పత్రిక చూసినప్పుడు బుర్రకు తట్టలేదు."

"ఇప్పుడెందుకే అవన్నీ."

"ఊరికే అన్నాను. నువ్వు మాత్రం ఆ షెడ్డులో తలుపు దగ్గర మంచం తీసుకోకు. చలి కొడుతుంది. గోడ వైపుది అడుగు."

"నీకు అక్కడ ఏ గది ఇస్తారో."

"పెద్దావిడ గదిలోనే కింద పడకట. గురక పెడుతుందో లేదో కనుక్కోలేదు. నీ దగ్గర ఇన్నేళ్ళు ఉన్నాక ఎవరిదైనా నాకు జోలపాటే."

నవ్వబోయాను, రాలేదు. సంచి చెరో పిడీ పట్టుకుని మెట్లు దిగాం. బస్సు కొత్త వంతెన మీదుగా పోయేదే. వంతెన మొదట్లో ఆగింది. కింద రేవులో తెల్ల పడవలు తాళ్ళు కట్టేసి ఉన్నాయి, పక్కపక్కనే. ఒకదాని మీద ఎవరో బట్టలు ఆరేశారు. బుల్లి కిటికీ పక్కన సీటు చూసుకుని తల బయటికి పెట్టింది.

"పది రోజుల సెలవుకు వస్తానుగా. దీనికింత మొహం పెడితే ఎలా? ఆ మొహానికి 'డీ' ఇస్తున్నా."

బస్సు వంతెన ఎక్కింది. అవతలి ఒడ్డు దాకా కనబడుతూనే ఉంది. వంతెన తిన్నగా ఉంటుంది కాబట్టి చాలాసేపు కనబడుతుంది. పడవ అయితే మలుపు తిరిగి త్వరగా మాయమయ్యేది.

మొదటి ఏడు సెలవు సమయానికి పెద్దావిడకు జబ్బు ఎక్కువై వాళ్ళు పంపలేదు. రెండో ఏడు పెద్దావిడ పోయింది. పెద్దావిడ చెల్లెలికి పక్షవాతం వస్తే ఆవిడను చూసుకోమని బుల్లిని అక్కడే ఉంచేసుకున్నారు, జీతం పెంచారు. ఆదివారం ఆదివారం లాండ్రీ ఆఫీసుకు ఫోన్ చేసేది. ఈసారి తప్పకుండా వస్తానని ప్రతిసారీ చెప్పేది. నేను గోడ వైపు మంచం మీదే పడుకుంటున్నానని ప్రతిసారీ చెప్పేదాన్ని.

మూడో ఏడు ఒక ఆదివారం ఫోన్ రాలేదు. రెండు రోజులాగి వచ్చింది. దగ్గు మధ్యలో మాట్లాడింది.

"ఇక్కడి ఆస్పత్రిలో చేర్చారక్కా. వీళ్ళూ అక్షరాలు వేస్తారు, మన దగ్గరలాగే. నాకు 'ఏ' వేశారు."

"వార్డు పేరు చెప్పు బుల్లీ."

వెనక ఎవరో చక్రాల మంచం తోసుకెళ్తున్న చప్పుడు వినబడింది.

"కిటికీ పక్క మంచం ఇచ్చారక్కా. గాలి బాగా వస్తోంది."

"వార్డు పేరు అడుగుతున్నాను."

"దుప్పట్లు మాత్రం సరిగ్గా మడవరు ఇక్కడ. నువ్వు చూస్తే ఏడుస్తావు. వచ్చాక చెప్తాలే, ఉంటాను."

ఆ సాయంత్రమే సెలవు పెట్టి, మర్నాడు పొద్దున బస్సుకు టిక్కెట్టు తీసుకున్నాను. పొద్దున టిక్కెట్టు చేతిలో పట్టుకుని బయల్దేరబోతుంటే ఫోన్ వచ్చింది.

మా చెల్లెలు బుల్లి తిరిగి రాలేదు. వెళ్ళిన మూడో ఏడు, నవంబరు పద్దెనిమిదో తేదీ బుధవారం, తెల్లవారే ముందు పోయింది.