పురిటింట్లో సోదా

ఇండోనేషియాలోని అచే పల్లెల్లో సైన్యం సోదాకొస్తే ముందు నడవాల్సింది ఊరిపెద్దే. ఆ పొద్దున బంతా అహ్మద్ కూడా నడిచాడు, నడవక ఏం చేస్తాడు! సానూసి ఇంటి కిటికీలోంచి పొగ రావడం చూసి, తిరుగుబాటుదారులకి వంట చేస్తున్నారని సార్జెంటు అనుమానపడ్డాడు. అది వంట కాదనీ, బాలింతకి మంచం కింద నిప్పుల సెగ పెట్టారనీ, పురిటి దినాలు తీరేదాకా ఆ గదిలోకి మగవాళ్ళు పోరాదనీ బంతా చెప్పాడు. చెప్పి నాలుక కరుచుకున్నాడు.

సానూసి అడవికెళ్ళి తిరుగుబాటుదారుల్లో కలిసి రెండేళ్ళయింది. ఇంటి ముఖమే చూడలేదని సైన్యానికి హామీ ఇచ్చింది బంతానే. చీకట్లో వచ్చిపోతుంటాడని ఆయనకి తెలుసు.

సార్జెంటు బూట్లతోనే, గుంజల మీద ఎత్తుగా కట్టిన ఆ ఇంటి నిచ్చెన మెట్లెక్కాడు, వెనకే బంతా. సానూసి పెళ్ళాం రౌజా పసిగుడ్డుని దుప్పట్లోకి లాక్కుంది. మొగుడెక్కడున్నాడో చెప్పు, లేదా శిబిరానికి నడువన్నాడు. శిబిరానికెళ్ళిన ఆడవాళ్ళు ఎలా తిరిగొచ్చారో అందరికీ తెలుసు.

"వీడు మా ఆయన బిడ్డ కాదు," అంది రౌజా.

"మరెవడి బిడ్డ?"

కింద జనం చెవులు రిక్కించారు. రౌజా బంతా వైపు చూసింది. పెళ్ళాం పోయిన మనిషి, 'నా బిడ్డే' అంటే సార్జెంటు నమ్మేవాడు. పోతే పెద్దరికం పోయేది, అంతేగా! బంతా తల దించుకున్నాడు.

"నాకేం తెలీదు సార్," అన్నాడు.

అప్పుడు లేచింది అత్త న్యాక్ తీ. కోడలి చెంప ఛెళ్ళుమనిపించింది.

"రంకు బిడ్డని కని నా కొడుకు పరువు తీశావు కదే! ఈ దరిద్రాన్ని మీరైనా తీసుకుపోండి బాబూ, నా ఇల్లు శుభ్రపడుతుంది."

అత్తాకోడళ్ళ తగువు తీర్చడానికి తానొచ్చానా అని సార్జెంటు నవ్వి, మనుషుల్ని తీసుకుని దిగిపోయాడు. బిడ్డ సానూసికి పుట్టాడా, ఇంకెవడికైనానా అని ఇన్నాళ్ళూ గుసగుసలాడిన ఊరికి జవాబు దొరికింది. కింద తిట్లు మొదలయ్యాయి.

న్యాక్ తీ కోడలి చెంప నిమురుతూ ఏడుస్తోంది. బంతా ఏదో అనబోయాడు.

"ఇప్పుడేం చెప్పకు పెద్దాయనా," అంది ముసలిది. "కిందున్న వాళ్ళలో సైన్యానికి కబుర్లు మోసేవాళ్ళున్నారు. నువ్వూ కిందికెళ్ళి నా మనవణ్ణి ఛీకొట్టు. లేకపోతే అనుమానపడతారు."

బంతా దిగాడు. అందరూ తన ముఖంలోకే చూస్తున్నారు. ఆ ఇంటి మెట్ల మీద ఉమ్మాడు. ఇందాక 'నా బిడ్డే' అన్న ఒక్క మాట రాని నోటికి ఉమ్మి మాత్రం ఇట్టే వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు, అయినా జనం ముందు తలెత్తుకునే నడిచాడు.