కత్తెర పడిన పాలసీసా

సర్కారు మందును నిషేధించిన రోజులవి. హాలీవుడ్‌లో మందు లేని ఇల్లు గానీ, పుకారు పుట్టని పూట గానీ లేవు. సినిమా తార ఆర్డిత్ వేల్ ఒక్కతే మందు ముట్టేది కాదు. వాళ్ల నాన్న తాగి తాగి పోయాడు, అందుకని ఆ వాసనంటేనే ఆమెకు వాంతి. అలాంటి మనిషి మీద ఒక సినిమా పత్రికలో ఎవడో రాశాడు, వేల్ పొద్దున్నే తూలుతూ సెట్టుకొస్తోందని.

తూలిన మాట నిజమే. చెవిలో ఏదో జబ్బు, కళ్లు తిరిగేవి. రోజూ సెట్లో ఆమెకు జడ వేసేదాన్ని కాబట్టి నాకు తెలుసు. రోగమని చెబితే వేషాలివ్వరు, చెప్పకపోతే తాగుబోతంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా స్టూడియో యజమాని గ్రుబ్నర్ కబురు పెట్టాడు, ఈ గోల చల్లారితేనే మళ్లీ కాంట్రాక్టు అని.

అప్పుడు దిగాడు పర్సెల్. అసలు సినిమాకి ముందు వేసే చిట్టి సినిమాలు తీసేవాడు. తారలు ఇంట్లో గులాబీలకు నీళ్లు పోయడం, తమ మీది పుకార్లకు తామే నవ్వడం, ఇలాంటి ముక్కలు కొన్ని కలిపితే ఒక రీలు. మూకీ బొమ్మలు కదా, వెటకారమంతా మధ్యలో పడే అక్షరాల్లో ఉండేది.

"పుకారుకు భయపడితే కరుస్తుందమ్మా! మనమే దాన్ని ఆడించాలి. తూలుతూ వస్తావు, దిండు కింద నుంచి గుడ్డ చుట్టిన సీసా తీస్తావు, దొంగచాటుగా గటగటా తాగుతావు. ఆఖర్న గుడ్డ విప్పి చూపిస్తావు, పాలు! మిగిలింది పిల్లికూనకు పోస్తావు. జనం పడీపడీ నవ్వుతారు," అన్నాడు.

నాకు నచ్చలేదు. "తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారే పిల్లా. మానుకో," అన్నాను.

"అందుకేగా హుల్డక్కా, పాలని చూపిస్తోంది!" అని నవ్వింది. చాన్నాళ్లకు నవ్వింది పాపం.

ఎంత బాగా చేసిందో! కెమెరా తిప్పేవాడు కూడా నవ్వాపుకోలేకపోయాడు.

రీలు విడుదలైన రోజు ఇద్దరం హాలుకు వెళ్లాం. తెరమీద "వేల్ గారి ఉదయపు ఫలహారం" అని అక్షరాలు పడ్డాయి. తూలింది, సీసా తీసింది, గటగటా తాగింది. అంతే. వెంటనే ఎవరో పెద్ద తార పెళ్లి, చర్చి మెట్లు, పూలు. పాలూ లేవు, పిల్లికూనా లేదు. మా వెనక ఒకావిడ "ఛీ, సిగ్గులేని ముండ!" అంది. ఆర్డిత్ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

పర్సెల్ దగ్గరికి పరిగెత్తాం. వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. "ఆ పెళ్లి చివరి గడియలో వచ్చిపడింది. రీలు నిడివి పెరగడానికి లేదు, అన్ని ముక్కల తోకలూ కోశాం. ఎప్పుడూ ఉన్న పద్ధతే కదమ్మా. అసలు సంగతి తోకలో పెట్టుకుంటారా ఎవరైనా?"

"మీరే కదండీ పెట్టమన్నారు!" అంది ఆర్డిత్.

"కాపీలు దేశమంతా వెళ్లిపోయాయి. నేనేం చెయ్యను?"

మహిళా సంఘాలు గ్రుబ్నర్‌కు ఉత్తరాలు గుప్పించాయి. ఆయన మమ్మల్ని పిలిపించాడు, కూర్చోమని కూడా అనలేదు.

"నువ్వు తాగవని నాకు తెలుసమ్మా," అన్నాడు.

"మరి ఆ మాట చెప్పండి సార్, మీరు చెబితే వింటారు."

"జనం కళ్లతో చూశాక నేను నోటితో చెబితే నమ్ముతారా? అంత బాగా చేశావు మరి."

కాంట్రాక్టు పోయింది. ఆమె గడప గడపకూ తిరిగింది, ఎవరూ వేషమివ్వలేదు. నాకు ఏడుపొచ్చేది, ఆమెకు అదీ రాలేదు. చివరికి ఒక చవక కామెడీ కంపెనీ పిలిచింది. వీధిలో దొర్లే తాగుబోతు ఆడదాని వేషం. ఇంకెవరూ వద్దు, వేల్ కావాలన్నారు.

ఒప్పుకుంది. అద్దం ముందు కూర్చుని, "జుట్టు బాగా చెదరగొట్టు అక్కా, నిజమనిపించాలి," అంది. నేనే ఆ జుట్టు చెదరగొట్టాను.