పసుపు పోయిన పులిపంజా

ధనమ్మ పులిపంజాను ఆమె తమ్ముడే మ్యూజియం పాలు చేశాడు. పిడికిట్లో దాచుకుని మనిషిని చీల్చే ఆ ఇనుప గోళ్ళు ఆమెకు పుట్టింటి నుంచి వచ్చాయి. ఏటా దసరాకి వాటికి పసుపు రాసి బొట్టు పెట్టేది. ఆమె పోయాక, ఆఖరిసారి రాసిన పసుపులో ఆమె వేలిముద్ర మిగిలింది. మొగుడు అప్పన్న దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. అతను డ్యూటీకి వెళ్ళిన పూట బావమరిది అప్పలరాజు పట్టుకుపోయాడు.

బిష్టుపూర్‌లోని ఆ మ్యూజియంలో, గాజుపెట్టెలో ఇనుము తళతళలాడుతోంది.

“సూడు బావా, ఎంత సుబ్బరంగా తోమీసినారో. ఇంటికాడుంటే తుప్పట్టిపోయీది,” అన్నాడు అప్పలరాజు.

అప్పన్న చాలాసేపు చూశాడు. ఎక్కడా పసుపు లేదు.

“మీ యప్ప సేతి గురుతు తోమీసినార్రా. ఇంక సచ్చీదాకా నాను దీని ఊసెత్తను.”