కల్వర్టు దగ్గర ఆగని ఇంజన్లు

మా కొండకి ఇంజను సైకిలు మీద మొట్టమొదట ఎక్కినవాణ్ణి నేను. పోలీసు ఔట్‌పోస్టు ముందుకి ఇంజను ఆపకుండా, తల వంచకుండా అందరికంటే ముందు పోయినవాణ్ణీ నేనే. నా వెనక వస్తున్న సైకిళ్ల వరుసకి చివర ఎక్కడుందో చూద్దామని తిరిగితే మెడ పట్టేసింది. ఇప్పటికీ ఎడమపక్కకి సరిగ్గా తిరగదు. నన్ను కోతల తాత అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల సంగతి వదిలేయండి. మీరు పనిచేసే పిల్లలు, చదువుకునే పిల్లలు. మీరే విని తేల్చండి.

ముందు ఇంజను సైకిలంటే ఏమిటో చెప్పాలి. అది మామూలు సైకిలే. పొలాల్లో మందు కొట్టే పంపుకి చిన్న ఇంజను ఉంటుంది చూడండి, పాతబడి పారేసినదాన్ని తెచ్చి సైకిలు నడుమ బిగిస్తారు. నాలుగు తొక్కులు తొక్కి చేతికింది పిడి వదిలితే అందుకుంటుంది. తాళం చెవి లేదు, మీట లేదు. ఆపాలంటే ప్లగ్గు నెత్తిమీది వైరు పీకాలి. ఎక్కడ పట్టుకోవాలో తెలియనివాడికి భుజందాకా జివ్వుమంటుంది.

కొండ మీద కంకర క్వారీ. కొండ కింద మా వాడ. అక్కడ నాది కొలిమి పని, ఉలులూ గునపాలూ కాల్చి సాగదీసి పదును పెట్టేవాణ్ణి. ఒకప్పుడు అందరం కాంట్రాక్టరు లారీలో ఎక్కేవాళ్లం, ఆ లారీలోనే దిగేవాళ్లం. సాయంత్రం కూత మోగినా లారీ రాకపోతే పని ఆగేది కాదు. చీకటి పడేదాకా ఆ లారీకి రోజూ పంక్చరే. దాని టైర్లకు పడిన చిల్లులతో ఒక జల్లెళ్ల కొట్టు పెట్టుకోవచ్చు. ఇంజను సైకిళ్లు వచ్చాక కూత మోగితే ఉలి కింద పెట్టి దిగిపోవడం నేర్చుకున్నాం. పక్క క్వారీలో పని బాగుంటే అటు పోవడం నేర్చుకున్నాం. మా కాళ్లు మా చేతికొచ్చాయి. కాంట్రాక్టరుకి కడుపుమంట మొదలైంది అక్కడే.

కాకపోతే మాకొక అలవాటుండేది. కొండ ఎక్కే దారి మొదట్లో కల్వర్టు, అది దాటగానే ఔట్‌పోస్టు. కల్వర్టు రాగానే ముందు పోయేవాడు చెయ్యి పైకెత్తేవాడు. "గొంతు నొక్కండి" అనేవాడు. అందరం వైర్లు పీకేసి, మాకేమీ తెలియనట్టు మొహాలు పెట్టుకుని, ఔట్‌పోస్టు దాటేదాకా ఎగువకి తొక్కుకుంటూ పోయేవాళ్లం. ఇంజను మోగకపోతే అది సైకిలే కదా, సైకిలుకి నంబరేమిటి, లైసెన్సేమిటి అని మా లెక్క. ఆ తెలివికి మమ్మల్ని మేమే మెచ్చుకునేవాళ్లం.

ఆ ఎండాకాలం కాంట్రాక్టరు నా కొలిమికి స్వయంగా వచ్చాడు. నా కొలిమి దగ్గర అతను కూర్చోవడం అదే మొదలు. బొగ్గు బాగుందా, చూపు ఆనుతోందా అని అడిగాడు. కొండమీద కూలీలకి రేకుల షెడ్లు వేయిస్తున్నాను, తలుపులకి మంచి గొళ్లేలు చేసిపెట్టమన్నాడు. కొలతకి పోయాను. తలుపు లోపలివైపు కొలుస్తుంటే మేస్త్రీ నవ్వి, నా భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకొచ్చాడు. గొళ్లెం ఇటు, అన్నాడు.

ఇంకో వారానికి ఔట్‌పోస్టుకి కొత్త ఎస్సై వచ్చాడు. మర్యాదస్తుడు. గొంతు పెంచడు, బూతు మాట్లాడడు. పొద్దున పూట వరండాలో బల్ల వేసుకుని, గాజుగ్లాసులో టీ పెట్టుకుని, మేము సైకిళ్లు తొక్కుకుంటూ పోవడం చూసేవాడు. కొన్నాళ్లు చూశాడు, అంతే. ఆ చూపు కంటే లాఠీ నయమనిపించేది. ఔట్‌పోస్టు గోడవారగా కాంట్రాక్టరు ఖాళీ లారీ ఒకటి వచ్చి నిలబడింది. అదెందుకో ఎవరూ అడగలేదు.

ఒక పొద్దున అతను బల్ల దగ్గర్నుంచి లేచొచ్చి మా బావ సైకిలుకి అడ్డంగా నిలబడ్డాడు.

మా బావంటే మా అక్క మొగుడు. రాతికి బెజ్జాలు వేసే పని. ఆ దుమ్ము తిని తిని ఊపిరితిత్తులు రాయి కట్టాయి. నాలుగు మెట్లెక్కితే కూర్చోవాలి. ఇంజను ఉంది కాబట్టి ఇంకా పనిలోకి పోతున్నాడు. కల్వర్టు నుంచి ఔట్‌పోస్టు దాటే ఆ కాస్త ఎగువే రోజూ అతనికి గండం.

ఎస్సై వంగి ఇంజను మీద వేలు పెట్టి తీశాడు.

"సైకిలుకి జ్వరమొచ్చిందేం పెద్దాయనా?"

"ఎండకి సార్."

"ఇంకా ఎండ రాలేదే. సరే, ఇది సైకిలేనా?"

"సైకిలే సార్."

"మరి తొక్కు. ఆ చింతచెట్టుదాకా పోయిరా. చూద్దాం."

పోయొచ్చాడు. మళ్లీ పొమ్మన్నాడు. పోయొచ్చాడు. సైకిలు కాదని ఒప్పుకుంటే దిగు, కేసు రాస్తాను, సైకిలే అంటే తొక్కు అన్నాడు. మా బావ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే బండి పోతుంది, బండి పోతే కొండ పోతుంది. ఇనుప ఇంజను బరువు నడుమన మోస్తూ తొక్కాడు. నోరు తెరుచుకుని తొక్కాడు. అతని కూతురు, మా మేనకోడలు, పరిగెత్తి పట్టుకోబోతే కానిస్టేబుళ్లు లాఠీలు అడ్డం పెట్టారు. మేమంతా చూస్తూ నిలబడ్డాం. అంతమందిమి. ఒక్క ఇంజనూ మోగడంలేదు. గొంతులు మేమే నొక్కేసుకుని ఉన్నాం. ఆ ఎగువమీద వినబడిందల్లా మా బావ ఊపిరొక్కటే, కొలిమి తిత్తికి చిల్లుపడితే వచ్చే చప్పుడులాగా.

చెట్టుదాకా వెళ్లలేక మధ్యలో పడిపోయాడు. ఎస్సై తన రుమాలుతో అతని నోటి నెత్తురు తుడిచాడు. పెద్దవాళ్లని ఇంత కష్టపెట్టి పనికి పంపకండమ్మా అని మా మేనకోడలికి నెమ్మదిగా చెప్పాడు. సైకిలుని మాత్రం గోడకి చేర్పించాడు.

మా బావ ఆ వారం దాటలేదు. ఆసుపత్రివాళ్లు దుమ్ము జబ్బన్నారు. అబద్ధం కాదు. అందుకే ఎవరినీ ఏమీ అడగడానికి లేకపోయింది.

మట్టిచేసి వచ్చిన మర్నాడే మేస్త్రీ వాడలోకి వచ్చాడు. పరామర్శలాగే మాట్లాడాడు. ఈ సైకిళ్ల గొడవ మీకెందుకు, లారీ కింద నిలబడే ఉంది, ఎక్కండి, వారమంతా పైన షెడ్లలోనే ఉండండి, ఆదివారం దింపుతాం అన్నాడు. మా మేనకోడలి ఒళ్లో పాలు తాగే బిడ్డ ఉంది. బిడ్డల్ని తేవచ్చా అని అడిగింది. క్రషరు దగ్గర బిడ్డలేమిటమ్మా అన్నాడు. రానివాళ్లకి పని లేదని మాత్రం పోతూ పోతూ అన్నాడు.

ఆ సాయంత్రం అక్క వాకిట్లో అందరం చేరాం. లా చదివే అమ్మాయి ఒకతె మా క్వారీ కూలీల సంఘానికి వస్తూ పోతూ ఉండేది. ఆమె రవాణా ఆఫీసుకి పోయి వచ్చింది. పెడల్స్ ఉన్నాయి కాబట్టి ఇది మా కిందికి రాదు, నంబరివ్వం అన్నారట. అదే పోలీసులైతే ఇంజనుంది కాబట్టి నంబరేదీ అంటున్నారు. కోర్టులో కాగితం వేశాననీ, తేలేసరికి కాలం పడుతుందనీ దాచకుండా చెప్పింది.

"అయితే మనం సైకిలువాళ్లమా, మోటారువాళ్లమా?" అన్నాడు ఒక డ్రిల్లరు.

"పట్టుకునేటప్పుడు మోటారువాళ్లం, అడిగేటప్పుడు సైకిలువాళ్లం" అన్నాను నేను. ఆ వాకిట్లో అందరూ నవ్విన మాట అదొక్కటే.

తర్వాత వాదన ముదిరింది. ఇంజన్లు ఊడబీకి ఇంట్లో పెట్టుకుందామని ఒకరు. ఎస్సై చేతిలో ఏదో పెట్టి దండం పెడదామని ఒకరు. షెడ్డయినా నీడేగా, పోదామని ఎక్కువమంది. అప్పుడు నేను గొళ్లేల సంగతి చెప్పాను. కోతల తాత చెప్పేది కదా అని మొదట ఎవరూ పట్టించుకోలేదు. నేను నవ్వకపోవడం చూసి ఒక్కొక్కరూ మాట ఆపేశారు. చేసింది నా చేతులేననీ, ఏ వైపు బిగించారో నా కళ్లతో చూశాననీ అన్నాను. ఆ తర్వాత షెడ్ల మాట ఎత్తినవాడు లేడు.

లా చదివే అమ్మాయి నేర్పవలసింది నేర్పింది. ఒంటరిగా పోవద్దు. బండి తీసుకుంటే రసీదు అడగండి. ఏ సెక్షనో రాసివ్వమనండి. తెల్లకాగితం మీద సంతకం పెట్టవద్దు. అన్నీ విని మా మేనకోడలు బిడ్డని అక్కకి అందించి లేచింది. అంతదాకా ఆమె మాట్లాడలేదు.

"మనం గొంతెందుకు నొక్కుతున్నాం?"

ఎవరికీ అర్థం కాలేదు.

"కల్వర్టు దగ్గర. తప్పు చేస్తున్నామని మనమే చెయ్యెత్తి మరీ చెప్తున్నాం గదా. ఇంజను మోగించుకుంటూ పోయుంటే వాడు కేసు రాసేవాడు, బండి లాక్కునేవాడు. మా నాన్నని తొక్కు అని మాత్రం అనలేకపోయేవాడు. సైకిలని మనం అబద్ధమాడాం. ఆ అబద్ధం పట్టుకునే వాడు ఆయన్ని తొక్కించాడు."

ఆమె నా వైపు తిరిగింది. "మామా, రేపు కల్వర్టు దగ్గర ఎవడైనా చెయ్యెత్తితే ఆ చెయ్యి నీ పట్టకారుతో పట్టుకో" అంది.

మర్నాడు పొద్దున వాడ వాడంతా కదిలింది. మోడం కమ్మి గాలి ఆడటంలేదు. కల్వర్టు వచ్చింది. అలవాటుకొద్దీ అందరి చేతులూ వైర్ల వైపు పోయి, మళ్లీ వెనక్కి వచ్చాయి. చెయ్యి ఎవరూ ఎత్తలేదు. ఇంతకాలం ఆ చోట వినబడని మోత అది. రాళ్ల గుండెల్లోకి పోయింది. కొండ మీద పిట్టలు లేచిపోయి మూడు జిల్లాలు దాటితే గాని వాలలేదు.

ఔట్‌పోస్టు ముందు కానిస్టేబుళ్లు దారికడ్డంగా ఉన్నారు. వ్యాను కూడా ఉంది. మేము వస్తామని ముందే తెలుసన్నమాట. ఆగాం. ఇంజన్లు ఆపలేదు. మా మేనకోడలు వరండా మెట్టెక్కి, ఎస్సై బల్ల ముందు నిలబడింది.

"ఇవి ఇంజను సైకిళ్లు సార్. అందరివీ. పట్టుకుంటే రసీదులివ్వండి, ఏ సెక్షనో రాయండి. మా నాన్న సైకిలు కూడా రాయండి."

ముందు ఇంజన్లు ఆపించమన్నాడు ఎస్సై. ఆమె కదల్లేదు. మీరే ఆపండని కానిస్టేబుళ్లకి చెప్పాడు. వాళ్లకి తాళం కనిపించదు, మీట కనిపించదు. ఒకతను సైలెన్సరు పట్టుకుని చెయ్యి ఊపుకుంటూ గంతులేశాడు. ఇంకొకతను వైరు పట్టుకుని, పట్టుకున్నంత వేగంగా వదిలి, మా వైపు భయంగా చూశాడు. అతనూ మా వాడలాంటి వాడలోంచి వచ్చినవాడే. ఎవరో జాలిపడి, వదిలేయన్నా, అదంతేలే అన్నారు. వెనక కంకర లారీలు వచ్చి వచ్చి నిలబడిపోయాయి. హారన్లు మా మోతలో కలిసిపోయాయి. ఆ రోజు కొండనుంచి ఒక్క రాయి కిందికి దిగలేదు.

నేను వరండా పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. ఆ మోతకి బల్ల అదిరి, బల్లమీది టీ గ్లాసు సన్నగా వణికింది. వణుకుతూ కొద్దికొద్దిగా అంచుకి జరిగింది. ఎస్సై దాన్నే చూస్తున్నాడు. మొదటిసారి అతని మొహంలో మర్యాద తప్ప ఇంకేదో కనిపించింది. గ్లాసు అంచు దాటి, నేలమీద పడి భళ్లున పగిలింది.

అప్పుడతను గొంతు పెంచాడు. మా మేనకోడల్నీ, లా చదివే అమ్మాయినీ వ్యానెక్కించమన్నాడు. వాళ్లెక్కారు. వెనకే అక్క, మనవడు చంకలో ఉండగానే ఎక్కింది. ఆమె వెనక డ్రిల్లర్లు. వ్యాను నిండిపోయింది, ఇంకా ఎక్కుతున్నారు. తోసేశారు. తోసేసినవాళ్లు సైకిళ్లెక్కి వ్యాను వెనకపడ్డారు. దారిలో పక్క క్వారీ జనం ఆగి చూస్తున్నారు. కల్వర్టు దగ్గర వాళ్లలో ఒకడు అలవాటుగా చెయ్యి ఎత్తబోయి, మమ్మల్ని చూసి దించాడు. నాలుగు తొక్కులు తొక్కి పిడి వదిలాడు. అతని ఇంజనూ అందుకుంది.

మా మేనకోడలు ఇంకా లోపలే ఉంది. అక్కని వదిలేశారు, బిడ్డ ఆమె దగ్గరున్నాడు. షెడ్లు ఖాళీగా ఉన్నాయి, గొళ్లేలు వేసే ఉన్నాయి. లారీ ఇంకా ఆ గోడవారనే ఉంది.

ఇక మొదట్లో నేనన్నది కాస్త సర్దుకోవాలి. కొండకి ఇంజను సైకిలు మీద మొదట ఎక్కింది నేను కాదు, మా బావ. ఆ రోజు అందరికంటే ముందు పోయానన్నది మాత్రం నిజమే. కాకపోతే మా మేనకోడలి వెనక, క్యారియరు మీద, రెండు కాళ్లూ ఒకపక్కకి వేసుకుని, ఒళ్లో పట్టకారు పెట్టుకుని. నాకు సైకిలు తొక్కడమే రాదు. మెడ పట్టేసిన మాట నిజం. వరుస చివర కనబడలేదన్నదీ నిజం. పిట్టల సంగతి మీకెటూ తెలిసే ఉంటుంది.

అసలు కల్పించింది ఒక్కటే. గ్లాసు పగల్లేదు. వణికింది, జరిగింది, సగం అంచు దాటి అక్కడే ఆగింది. ఎస్సై దాన్ని వెనక్కి జరపలేదు. చెయ్యి చాపితే చెయ్యి వణుకుతున్నది అందరికీ కనబడుతుందని కాబోలు. మేము వచ్చేసేటప్పటికి అది అలాగే ఉంది.