వాగు దాకా వచ్చినవాళ్ళు

ఆరిన దుప్పటికి ఒక కొస నేను, రెండో కొస అమ్మ పట్టుకుని మడత పెడుతున్నాం. బాబాయి గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. ఆయన వాగు ఒడ్డున ఉండే కాపలా దళానికి అధికారి. చేతిలో ఒక కాగితం ఉంది.

ముప్పై ఏళ్ళ కిందట మా దేశం రెండయింది. వాగుకు ఇవతల మేము, అవతల వాళ్ళు. మళ్ళీ కలిసిపోదాం రండి అని మైకులో పిలవడం అమ్మ ఉద్యోగం. మొదట్లో పైవాళ్ళు రాసిచ్చిన ఉపన్యాసాలు చదివేది. అవతల ఒక్క కుక్క కూడా చెవి నిక్కించలేదు. అమ్మకు కుట్టుపని వచ్చు. విసుగెత్తి ఒకరోజు ఉపన్యాసం తొందరగా ముగించి, మగవాళ్ళ చొక్కా ఎలా కత్తిరించాలో చెప్పింది. అప్పటినుంచి సాయంత్రమయ్యేసరికి అవతలి ఆడవాళ్ళు గుడ్డా కత్తెరా పట్టుకుని ఒడ్డున చేరుతున్నారు.

"నీకు చెప్పకుండా పంపడం ఇష్టంలేక వచ్చాను వదినా," అన్నాడు బాబాయి. "పైవాళ్ళు నా అభిప్రాయం అడిగారు. మైకు తీసెయ్యమనీ, కలవడానికి వాళ్ళకి పది రోజులు గడువిచ్చి, రాకపోతే సైన్యాన్ని దింపమనీ రాశాను. ఈరోజే పంపాలి. సంతకం ఒక్కటే మిగిలింది."

అమ్మ చేతిలోంచి దుప్పటి కొస జారిపోయింది.

"ఇవాళ మాత్రం వద్దయ్యా! నిన్న చంక లోతు తొమ్మిదంగుళాలు అనబోయి పన్నెండన్నాను. పాపం, అందరూ కత్తిరించేసుంటారు. తప్పయిందని చెప్పాలి."

"శత్రువులకా?"

"గుడ్డ పాడు చేసుకున్నవాళ్ళకి."

"ముప్పై ఏళ్ళుగా బతిమాలుతున్నాం. నా మనుషులు ఆ ఒడ్డున ఎండలో మాడిపోతున్నారు. వాళ్ళు వచ్చారా?"

"వాగు దాకా వచ్చారుగా! మెడలు వంచి లాక్కొస్తే పక్కనే ఉంటారేమో. మొహం చూసి మాట్లాడతారా?"

బాబాయి మెడ గోక్కున్నాడు. మాట మారుద్దామని నేను పిన్ని ఎలా ఉందని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"మీ అమ్మ పాఠం విని తనూ కత్తిరించింది. నా చొక్కానే. చంకలోంచి నా తల దూరుతోంది. గుడ్డంతా తగలేశావని నాలుగు కేకలేశాను."

"తర్వాత?" అంది అమ్మ.

"గదిలోకి పోయి తలుపేసుకుంది. తియ్యకపోతే విరగ్గొడతానన్నాను."

"తీసిందా?"

"పైగడియ కూడా పెట్టింది."

నేను దుప్పట్లో మొహం దాచుకున్నాను. అమ్మ ఏమీ దాచుకోలేదు, పకపకా నవ్వేసింది.

"పది రోజులు గడువివ్వకపోయావా!"

బాబాయికీ నవ్వొచ్చింది. అధికారి కాబట్టి దగ్గాడు.

"అతుకు పడుతుందా వదినా?"

"చంక కింద చిన్న ముక్క వేస్తే ఎవరికీ తెలీదు. బొమ్మ గీసిస్తాను, మా చెల్లికివ్వు. మీలో ఎవరైనా ఒక కాగితం ఇలా ఇవ్వండి."

పుస్తకం తెద్దామని నేను లేచాను. బాబాయి చెయ్యెత్తి ఆపాడు. కాసేపు తన చేతిలోని కాగితం వంకే చూశాడు. తర్వాత దాన్ని బోర్లించి అమ్మ ముందు పెట్టాడు.

అమ్మ పెన్సిలుతో చంక గీసింది, ముక్క గీసింది, కింద 'తప్పు నాదే' అని రాసింది. నొక్కి రాయడం ఆమెకు అలవాటు. కాగితం ఎత్తగానే ఆ గీతలు అవతలి వైపు బాబాయి అక్షరాల మీద కూడా ఉబ్బి కనిపించాయి. ఇక ఆ కాగితాన్ని ఏ ఆఫీసుకూ పంపలేరు.

బాబాయి దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. బూట్లు తొడుక్కున్నాడు. దళం ఆఫీసు మా వీధికి కుడివైపు, పిన్ని తలుపేసుకున్న ఇల్లు ఎడమవైపు. ఆయన మెట్లు దిగి ఎడమవైపు నడిచాడు.