తెల్ల అంగీల వత్తులు

నాకు అన్నిటికంటే పెద్ద భయం, నా బిడ్డ నోరెండి ఏడుస్తున్నప్పుడు నేను మిద్దె మీద చెట్లకు నీళ్ళు పోస్తూ ఉండడం. లేనిపోని భయం కాదు. పోయిన ఎండాకాలం అట్లాగే అయింది.

మా ఆయన నవీన్‌కు మొయినాబాద్‌లో ప్లాట్ల వ్యాపారం, రైతుల సొసైటీలో డైరెక్టర్ పదవి, మిద్దె నిండా బోన్సాయ్ చెట్లు. అజీజ్‌నగర్ ఫామ్‌హౌసుల్లో చూసి మోజుపడి తెచ్చుకున్నాడు. చింత, జువ్వి, కాగితం పూల చెట్టు, అన్నీ మోకాలెత్తు కూడా లేనివి, పళ్ళేల్లాంటి కుండీల్లో. పిడికెడు మట్టి కదా, ఎండ పడితే ఇట్టే పొడి అవుతుంది. చెట్లు ఆయనవి, నీళ్ళు మోయడం నాది. ఊరికి పోతే వీడియో కాల్ చేసి ఒక్కో కుండీ చూపించమంటాడు, మట్టిలో వేలు పెట్టమంటాడు. మా నాన్నకు కంటి ఆపరేషన్ అయినప్పుడు పోతానంటే, "మరి చెట్లకు నీళ్ళు మీ నాయనొచ్చి పోస్తడా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా ప్రయాణాలన్నీ గుమ్మంలోనే ఆగిపోయేవి.

పోయిన ఎండాకాలం ఆయన తిరుపతిలో ఉండగా మా పాప మేఘకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అప్పటికింకా పాలు తాగే పిల్ల. దవాఖానకు పోతానని ఫోన్ చేశాను. "పో, ఎవరొద్దన్నరు? చెట్లు తడిపి పో. మల్ల ఎప్పుడొస్తవో ఏమో." తడిపాను. కెమెరా తిప్పి తిప్పి చూపించాను. కిందికి దిగేసరికి పిల్ల కళ్ళు తేలేసింది. పక్కనే కూచున్న మా అత్తమ్మ సుగుణమ్మ, "పిల్లలన్నంక గివన్ని అయితనే ఉంటయ్" అంది. దవాఖానలో సిస్టర్ సెలైన్ పెడుతూ, "ఒంట్ల నీళ్ళే లేవు, గింతసేపు ఏం చేస్తున్నవమ్మా?" అని అడిగింది. సాయంత్రం ఆయన ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "జువ్వి ఆకులేమన్న వాడినయా?"

ఆ మాటను మనసులో ఒక మూల దాచుకున్నాను. అన్నం వడ్డిస్తూ, అంగీలు ఉతుకుతూ, దాన్ని రోజూ తీసి చూసుకునేదాన్ని.

ఈ ఏడు సొసైటీ చైర్మన్ ఎన్నిక వచ్చింది. అది అయ్యేదాకా డైరెక్టర్లను అవతలి పక్షం కొనుక్కోకుండా క్యాంపుకు తీసుకుపోతారు, ఫోన్లు గుంజుకుంటారు. "ఫోన్ ఉండది. చెట్లు పైలం" అంటూ ఆయన కారెక్కాడు. మేఘ చెయ్యి ఊపింది. ఆయన చూపు మిద్దె మీదే ఉంది. అత్తమ్మ కూడా శంకర్‌పల్లిలో ఆడబిడ్డ ఇంటికి సంచి సర్దుకుంది.

"ఇల్లు కదలకు పిల్లా. ఒక్క చెట్టు ఎండినా వాడు నిన్నేమంటడో నాకు తెల్వది."

"ఒక్కటి గూడ ఎండది అత్తమ్మా."

నిజమే చెప్పాను. ఎండబెట్టడం ఎంతసేపు? నాకూ ముందు ఆ ఆలోచనే వచ్చింది. కానీ ఎండితే, "చూసినవా, ఆమె లేకుంటే గిట్లనే" అని మళ్ళీ నన్నే మిద్దె ఎక్కిస్తారు. నేను లేకుండా అవి పచ్చగా ఉండాలి. అప్పుడే ఆయన మాట ఎండుతుంది.

నన్ను బడి మానిపించిన ఏడే, తొమ్మిదో తరగతిలో, సైన్సు టీచరమ్మ గ్లాసు నీళ్ళలో గుడ్డ వత్తి వేసి, దాని వెంట నీళ్ళు పక్క గ్లాసులోకి పాకడం చూపించింది. నూలు గుడ్డ కావాలి. ఇంట్లో మంచి నూలు ఎవరిది? బీరువా తెరిచాను. ఆయన తెల్ల అంగీలు, మీటింగులకూ పెళ్ళిళ్ళకూ వేసుకునేవి, నేను గంజి పెట్టి ఇస్త్రీ చేసినవి. కాలర్ మీద ముడత ఉందని చుట్టాల ముందు నా మొహాన విసిరిన అంగీ కూడా అందులోనే ఉంది. దాంతోనే మొదలుపెట్టాను. పర్రున చినిగిన ఆ చప్పుడుకు మేఘ చప్పట్లు కొట్టింది. బీరువా ఖాళీ అయ్యేదాకా చింపాను. గంజి పోయేట్టు ఉతికాను, ఆఖరిసారి. పేలికలు పేని వత్తులు చేశాను. పెద్ద పెద్ద నీళ్ళ టబ్బులు ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, చెట్లను నీడకు జరిపి, వత్తి ఒక కొస నీళ్ళలో, ఒక కొస కుండీ మట్టిలో పెట్టాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం వేలు పెట్టి చూస్తే మట్టి చల్లగా ఉంది. ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు నన్ను కట్టేసింది గుడ్డపేలిక చేసే పనా?

తాళంచెవి పక్కింటి కృష్ణమ్మవ్వకు ఇచ్చాను.

"మరి చెట్లో, బిడ్డా?"

"అవి తాగుతున్నయ్ అవ్వా."

"మీ ఆయనో?"

"ఆయనకు వత్తి వెయ్యనీకె అంగీలు సరిపోలే."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఇప్పుడు చేవెళ్ళలో మా అమ్మ ఇంట్లో ఉన్నాను. ఇందాక ఫోన్ మోగింది. ఆయన ఇల్లు చేరాడు.

"యాడున్నవే? చెట్లు..." అని ఆగాడు.

"పచ్చగున్నయ్ గదా?"

బీరువా తలుపు తీసిన చప్పుడు వినిపించింది. "నా అంగీలేవి? ఊరేగింపున్నది, చైర్మన్ మనోడే."

"మిద్దె మీదున్నయ్. నీళ్ళు పోస్తున్నయ్."

అరిచాడు. అరవనిచ్చాను. అలసిపోయి, గొంతు తగ్గించి అడిగాడు: "తాగే నీళ్ళు యాడ పెట్టినవ్? దూప అయితున్నది."

మేఘ ఎట్లా ఉందని అడగలేదు. ఫోన్ పెట్టేశాను. ఆ మాట మెసేజ్‌లోనైనా అడిగేదాకా మళ్ళీ ఎత్తను.

మీలో ఎవరైనా మొయినాబాద్ మీదుగా పోతుంటే నాకొక పని చేసిపెట్టండి. చెట్లను చూడనక్కర్లేదు, వాటి ఫికర్ నాకు లేదు. గేటు తీసుకుని లోపలికి పోయి ఆయన్ని ఒకసారి చూసి రండి, నోరు తడుపుకున్నాడో లేదో. గ్లాసు మాత్రం ముంచి చేతికివ్వకండి.